ప్లగ్గు పీకేసిన తర్వాత

ఆ యంత్రం నన్ను మొదటిసారి కొట్టినప్పుడు నేను గది అవతలి గోడకు వెళ్ళి పడ్డాను. గోడకున్న మేకు తగిలి తల వెనక చిట్లింది. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి నా కుడిచెయ్యి భుజం దాకా దానంతటదే కొట్టుకుంటోంది, కోసిన కోడి కాలు కొట్టుకున్నట్టు. వేళ్ళ చివర్లు తెల్లగా పొక్కిపోయాయి. గదిలో మాంసం కాలిన వాసన. అది నాదేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ముందు నాడి చూసింది. తల కడిగింది, కుట్లు వేసింది. అంతా అయ్యాకే నోరు విప్పింది.

"ఏటండీ ఇది? రేడియోనా, మనుసుల్ని సంపే మిషనా?"

"యాంప్లిఫయరు."

"పాటలు పెద్దగా ఇనిపించడానికా?"

"నా గొంతు పెద్దగా ఇనిపించడానికి" అన్నాను. ఆమె నా తలకేసి చూసి, నెత్తురు గుడ్డలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇది తొంభైల మధ్య మాట. నర్సీపట్నంలో మోటార్లకు వైండింగ్ కట్టే షాపు నాది. పొలం మోటార్లు, బెల్లం క్రషర్ల మోటార్లు, ఫ్యాన్లు. తీరిక దొరికితే వైర్‌లెస్. సరదా కోసం వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళను హామ్‌లంటారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సెట్టు నా చేతులతోనే కట్టుకున్నాను. చిక్కల్లా అది బలహీనమైన సెట్టు. రోజూ పొద్దున్నే పది ఊళ్ళ హామ్‌లు ఒకే చోట కలిసి మాట్లాడుకునేవారు. వాళ్ళ ప్రతి మాటా నాకు వినిపించేది. నేను పిలిస్తే మాత్రం, "ఎవరో ఉన్నట్టున్నారు, ఏమీ అర్థం కావట్లేదు" అని ముందుకు సాగిపోయేవారు. మనిషి ఎదురుగా నిలబడి అరుస్తుంటే పక్కకు తప్పుకుని వెళ్ళిపోయినట్టుండేది నాకు.

అందుకే యాంప్లిఫయరు మొదలుపెట్టాను. చిన్న సెట్టు నుంచి వచ్చే సిగ్నల్‌ను అది పెద్దది చేసి ఏరియల్‌కు పంపుతుంది. విశాఖపట్నంలో ఓడల తుక్కు అమ్మే చోట గాజు వాల్వులు దొరికాయి. పాడైన స్టెబిలైజరు విప్పి, దాని ఇనుప పలకల మీద కొత్త ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాను. చచ్చిపోయిన ఫ్రిజ్‌లోని రాగి గొట్టం తీసి కాయిల్ చేశాను. ముందు పలక మీద తిప్పే మరలకు పిడులు కావాలంటే ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఆయన చెక్కతో తీసిచ్చాడు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. లోపల ఉన్నది మాత్రం బొమ్మ కాదు. వెయ్యి వోల్టులు దాటిన కరెంటు, దాన్ని దాచుకునే కండెన్సర్ల వరస. ప్లగ్గు పీకేసినా ఆ కండెన్సర్లలో కరెంటు నిలవ ఉంటుంది. దాన్ని మెల్లగా ఖాళీ చెయ్యడానికి ఒక పింగాణీ రెసిస్టర్ అడ్డంగా వేస్తారు. నన్ను గోడకేసి కొట్టిన రోజున దాని టంకం ఊడిపోయింది. తర్వాత గట్టిగా బిగించాను. కొసన కొక్కెం, కొక్కేనికి ఎర్త్ వైరు ఉన్న ఒక కర్ర కూడా చేసుకున్నాను. ఆ కొక్కెం తగిలిస్తే కండెన్సర్లు టపాకాయలా పేలి ఖాళీ అయ్యేవి. ఆ చప్పుడు వినకుండా అందులో చెయ్యి పెట్టేవాణ్ణి కాదు.

యాంప్లిఫయరు పనిచేసింది. మొదటి పొద్దున్నే ఎవరో, "నర్సీపట్నం, మీరు గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది" అన్నారు. నా కళ్ళు చెమర్చాయి.

ఆ ఆనందాన్ని ఎక్కువ రోజులు సాగనివ్వలేదు పక్కింటాయన. ఆయనకు లారీ ఉంది. నేను మాట్లాడినప్పుడల్లా ఆయన టీవీ నిండా గీతలు పడేవి, స్పీకర్లోంచి నా గొంతు బురబురలాడేది. ఒకరోజు క్రికెట్ మ్యాచి మధ్యలో నేను మైకు నొక్కాను. గోడ దూకి వచ్చాడు. చేతిలో లారీ టైరు విప్పే రాడ్డు.

"ఏటి తమ్ముడూ, నా ఇంట్లో నువ్వు మాటాడతావేటి?" అంటూ ఏరియల్ కట్టిన వెదురు మీద కొట్టాడు. నేను అడ్డం వెళ్ళాను. రాడ్డు నా ముంజేతి మీద పడింది. నేనూ ఊరుకోలేదు, మెడ పట్టుకుని కాలవలోకి తోశాను. ఇద్దరం బురదలో పడి, చొక్కాలు చిరిగేదాకా కొట్టుకున్నాం. ఆయన పన్ను ఒకటి ఊడింది. చివరికి నా భార్య బిందెడు నీళ్ళు మా ఇద్దరి మీదా కుమ్మరించింది.

తర్వాత ఆయన టీవీ తీగలో నేనే ఒక ఫిల్టర్ కట్టి పెట్టాను. గీతలు పోయాయి. మాటలు మాత్రం లేవు. కానీ ఆ గొడవతో నా ఇంట్లో వైర్‌లెస్ ఉందన్న సంగతి వీధి దాటింది. మా ఊరి నుంచి కొయ్యూరు వైపు వెళ్తే కొండలూ అడవీ. ఆ రోజుల్లో ఆ అడవుల్లో నక్సలైట్ల తుపాకులూ పోలీసుల తుపాకులూ మోగుతుండేవి, ఊళ్ళో మఫ్టీ పోలీసులు తిరుగుతుండేవారు. కొండ ఊళ్ళ రైతులు మోటార్లు పట్టుకుని నా షాపుకు వచ్చేవారు. వైర్‌లెస్సునూ కొండ మనుషులనూ ఎవరు కలిపి చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి అన్నం తింటున్నాం. జీపు ఆగిన చప్పుడు, వెంటనే తలుపు గడియ విరిగిన చప్పుడు. ఐదారుగురు. యూనిఫాం లేదు, పోలీసులమన్నారు, ఎక్కడి నుంచి వచ్చిందీ చెప్పలేదు. వాళ్ళలో పెద్దవాడు నా కంచాన్ని బూటుతో తన్నాడు.

"వైర్‌లెస్ ఎక్కడరా?"

చూపించాను. దాచడానికి ఏముంది? "లైసెన్సుందండీ, బీరువాలో..." అంటుండగానే చెంప మీద పడింది. రెండో దెబ్బ లాఠీతో, మోకాలి చిప్ప మీద. కూలబడిపోయాను. ఇద్దరు నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. తిన్నాక మాట్లాడదామని నేను ఆన్ చేసి పెట్టిన యాంప్లిఫయరు ప్లగ్గును మరొకడు పీకేసి, లాఠీ ఎత్తి దాని మీద బాదడం మొదలుపెట్టాడు. మూత నుజ్జయింది. వాల్వులు పగిలి గాజు ముక్కలు నా మొహాన పడ్డాయి. లోపల పింగాణీ రెసిస్టర్ విరిగిన చప్పుడు విన్నాను. ఆ చప్పుడు అక్కడ నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

"ముట్టుకోకండి! అందులో కరెంటుంది!" అని అరిచాను.

"ప్లగ్గు పీకీసాం కదరా, ఇంకా కరెంటెక్కడిది?" అన్నాడు వాళ్ళలో చిన్నవాడు. పాతికేళ్ళుండవు. మాట మా వైపుదే.

"కండెన్సర్లలో ఉంది బాబూ! ఆ కర్ర... ఆ కొక్కెం కర్ర నాకివ్వండి, ఒక్క నిమిషం!"

"కర్ర కావాలా నీకు?" అని పెద్దవాడు ఆ కర్రనే తీసి నా వీపు మీద విరగ్గొట్టాడు.

కుర్రవాడు నవ్వుతూ రెండు చేతులూ లోపల పెట్టాడు, డబ్బాను ఎత్తి జీపులో వేద్దామని. తుపాకీ పేలినంత చప్పుడు. మనిషి వెనక్కి విల్లులా వంగి, నేల మీద దబ్బున పడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అందులో చూపు లేదు. అరచేతుల్లోంచి పొగ.

పెద్దవాడు, "బాంబు పెట్టాడ్రా లంజాకొడుకు!" అని అరిచాడు. అంతే, అందరూ నా మీద పడ్డారు. నన్ను వాకిట్లోకి ఈడ్చారు. బూట్లు, లాఠీలు, ఇటుక ముక్క, ఏది అందితే అది. గుమ్మం అవతల ఏం జరుగుతోందో మనుషుల కాళ్ళ సందుల్లోంచి కనిపించింది. నా భార్య ఆ కుర్రవాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. పిడికిలి ఎత్తి అతని రొమ్ము మీద బలంగా గుద్దింది. ఒకడు ఆమె జుట్టు పట్టుకుని లాగాడు.

"వొగ్గీ!" అని అరిచింది. ఆమె గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. "గుండాగిపోనాది. నన్నొగ్గితే బతుకుతాడు. లేదంటే నీ సేతుల్లో సచ్చిపోతాడు."

జుట్టు వదిలాడు. ఆమె రెండు చేతులూ కలిపి రొమ్ము మీద నొక్కడం మొదలుపెట్టింది. చర్చికి కట్టుకున్న తెల్లచీర మీద అన్నం మెతుకులూ నా నెత్తురూ. నొక్కడం, వంగి నోట్లో గాలి ఊదడం, మళ్ళీ నొక్కడం. ఇటు వాకిట్లో నా ఎడమచేతి వేళ్ళ మీద బూటు మడమ పడి తిరిగింది. విరిగిన చప్పుడు నాకే వినిపించింది. నేను అరిచిన అరుపు వీధి చివర దాకా వెళ్ళిందట.

గోడ దూకి వచ్చింది పక్కింటాయన. ఈసారి చేతిలో రాడ్డు లేదు.

"లారీ ఉంది బాబూ, కుర్రోడ్ని బేగి ఎత్తండి!" అన్నాడు. అప్పటికి ఆ కుర్రవాడు దగ్గాడు. ఎగశ్వాసతో ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆమె అలాగే లారీ ఎక్కి, దారి పొడవునా అతని తల పట్టుకుని ఆసుపత్రిలో చేర్చింది. తిరిగి వచ్చేసరికి ఇంట్లో నేను లేను.

నన్ను ఎక్కడ ఉంచారో తెలియదు. తలకు గోనెసంచి కట్టి తీసుకెళ్ళారు. కిటికీ లేని గది, తడి నేల. అరికాళ్ళ మీద కొట్టేవారు, వాచిన తర్వాత నిలబెట్టి గెంతమనేవారు, మళ్ళీ కొట్టేవారు. నాతో మాట్లాడిన హామ్‌లు గుర్తుగా పోస్టులో పంపిన కార్డులను నా గదిలో గోడకు అంటించుకున్నాను, వాటి మీద పెద్ద అంకెల్లో డెబ్బై మూడు అని ఉండేది. హామ్‌లు మాట ముగించేటప్పుడు శుభాకాంక్షలకు బదులుగా చెప్పుకునే అంకె అది.

"డెబ్బై మూడు మంది ఎవర్రా? ఎక్కడున్నారు?"

"అది నమస్కారం లాంటిదండీ."

దెబ్బ.

"డెబ్బై మూడు తుపాకులా?"

"శుభాకాంక్షలండీ."

మళ్ళీ దెబ్బ. నిజం అంత అబద్ధంలా వినిపిస్తుందని అక్కడే నేర్చుకున్నాను. ఒక దశలో తుపాకులేనని చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఎక్కడున్నాయని అడుగుతారు కదా అన్న భయమొక్కటే నా నోరు మూయించింది.

బయట నా భార్య బీరువాలోని లైసెన్సు తీసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. వెంట పక్కింటాయన. అడిగిన ప్రతిచోటా ఒకటే చెప్పాడట: "బాబూ, ఈడు నా పన్నూడగొట్టినోడు. ఈడి మీద నాకు పేమ నేదు. గానీ ఈడు మాటాడిందంతా నా టీవీలో నాను ఇన్నాను. వానెప్పుడు పడతాది, దోసెలెలాగెయ్యాల, ఇయ్యే మాటలు. అడివి మాట ఒక్కటీ ఇన్నేదు." విశాఖపట్నంలో ఒక పెద్ద అధికారి ఆ మాటకు నవ్వి ఫోను ఎత్తాడట.

నక్కపల్లి దగ్గర హైవే పక్కన జీపు నెమ్మదించింది. ఆగకుండానే నన్ను తోసేశారు. తలమీది గోనెసంచి తీసేసి చూస్తే ఎండ కత్తిలా గుచ్చుకుంది. నడవలేక, టీకొట్టు దాకా పాకుతూ వెళ్ళాను. కొట్టావిడ నన్ను చూసి ముందు భయపడింది. ఆ తర్వాత గ్లాసు నా నోటి దగ్గర పెట్టి పట్టుకుంది, నా చేతులతో పట్టుకోలేనని చూసి.

ఎడమచేతి రెండు వేళ్ళు వంకరగానే అతుక్కున్నాయి. సన్న తీగ చుట్టడం ఇక నావల్ల కాలేదు, పెద్ద మోటార్లతోనే షాపు నడిపాను. చాలాకాలం సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. ఎక్కడ జీపు ఆగినా అన్నం కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటాక మళ్ళీ ఒక యాంప్లిఫయరు కట్టాను. చిన్న సెట్టుతో పిలిచినప్పుడు, "ఎవరో ఉన్నట్టున్నారు" అన్న మాట మళ్ళీ విన్నాను, అంతే.

అది కడుతున్న రోజుల్లోనే ఒక సాయంత్రం అతను వచ్చాడు. ఒళ్ళు చేశాడు, మీసం పెంచాడు. అరచేతులు చూపించే దాకా పోల్చుకోలేదు. రెండు చేతుల నడుమా తెల్లటి మచ్చ, మైనం కారి గడ్డకట్టినట్టు.

"ఏడి నీల్లైనా సల్ల నీల్లైనా తెలీదండి ఇక్కడ" అన్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. బల్ల మీది డబ్బాను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "అమ్మగోరికి దండమెట్టుకుందారనొచ్చాను."

నా వేళ్ళకేసి ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. కూర్చోమన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాలో ఏదో లేచి అతని పీక పట్టుకోబోతున్నట్టు అనిపించి, రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చున్నాను.

డ్యూటీ నుంచి వచ్చిన నా భార్య అతన్ని చూసింది. అతను వంగి ఆమె కాళ్ళ దగ్గర చేతులు పెట్టబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"బతికున్నావు కదా. సూసాను. ఇంకెల్లు."

"అమ్మగోరూ..."

"ఎల్లు బాబూ."

వెళ్ళిపోయాడు. ఆమె చేతులు కడుక్కుని, స్టవ్ వెలిగించి బియ్యం పెట్టింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, "అంత కష్టపడి బతికించావు. మంచినీళ్ళన్నా ఇవ్వలేదేం?" అన్నాను.

గరిటె తిప్పుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆరోజు ఆడి గుండె నొక్కతంటే మీ అరుపినిపించిందండి. వొగ్గీసి లేసిపోదారనిపించింది. సచ్చిపోనీ అనిపించింది. సేతులు మాత్రం ఆగనేదు. ఎందుకాగనేదో నాకు తెలీదు. ఆడి మొకం సూత్తే ఇప్పుడూ అదే అనిపిత్తంది."

అన్నం ఉడికింది. ఇద్దరం తిన్నాం.