రాసేముందు రాయాలి

మా బాబాయికి ఒకటే పిచ్చి. ఒంటికి ఏదైనా రాసుకోవాలంటే, ముందు పుస్తకంలో రాయాలి. ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్న మనిషి నోటివెంట "రండి, కూర్చోండి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో గానీ, "రాసేముందు రాయి" అన్న మాట మాత్రం అంతకు పదింతలు వచ్చి ఉంటుంది. దగ్గుమందుకీ తలనొప్పి బిళ్ళకీ ఈ బాధ లేదు. స్టెరాయిడూ యాంటీబయాటిక్కూ కలిపిన చర్మం ట్యూబు అడిగితేనే వస్తుంది చిక్కు. ముందు డాక్టరు చీటీ చూపించాలి. తరవాత బల్ల కిందనుంచి ఒక పొడుగాటి పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు బయటికొస్తాయి. ఎక్కడ దురద? ఎన్నాళ్ళనుంచి? ఇదివరకు ఏం రాశావు? ఎవరు రాయమన్నారు? అన్నీ రాయాలి.

"నోటితో చెప్తాను కదండీ" అనేవారు జనం.

"నోరు మూసుకుని రాయి" అనేవాడు బాబాయి, ఎంత పెద్దవాళ్ళనైనా.

"ఈయన మందులమ్ముతున్నాడా, పరీక్షలు పెడుతున్నాడా?" అని వెనక బల్ల దగ్గర బిళ్ళలు కవర్లలో వేస్తూ మా పిన్ని సణిగేది. "ట్యూబు కొనడానికి వచ్చినవాళ్ళు పాసై పోతున్నారు, మీరింకా పేపర్లు దిద్దుతూనే ఉన్నారు."

చీటీ లేకుండా వచ్చేవాళ్ళకి బాబాయి ట్యూబు ఇవ్వడు సరికదా, కథ చెప్పి పంపేవాడు. "ఈ ట్యూబులో ఇద్దరుంటారమ్మా. ఒకడు పోలీసు, ఒకతె జోకొట్టే ఆయా. పోలీసు క్రిముల్ని తరుముతాడు. ఆయా ఎర్రగా మండిపోతున్న చర్మాన్ని నిద్రపుచ్చుతుంది. బాగానే ఉంది. కానీ వచ్చిన దొంగ ఫంగసు అయితే? వాడు ఈ పోలీసుకి కనిపించడు. ఆయా ఏమో ఇల్లంతా నిద్రపుచ్చేసింది. ఇంక దొంగకి అడ్డేముంది? తామర అని పేరు పెట్టారు గానీ, దానికి గనక ఈ ట్యూబు రాశావో, నిజంగానే కొలనులో పువ్వులా విచ్చుకుంటుంది!"

వచ్చినవాళ్ళు దండం పెట్టి డాక్టరు దగ్గరికి పోయేవారు. కొందరు దండం మాత్రమే పెట్టి పక్క వీధి షాపుకి పోయేవారు.

ఈ రాతల గొడవ ఒకసారి బస్సు డ్రైవరుగారి ప్రాణం మీదికి, అంటే చర్మం మీదికి వచ్చింది. ఆయన చీటీ తెచ్చాడు, పుస్తకంలో రాశాడు, ట్యూబు తీసుకున్నాడు. బాబాయి అలవాటుగా చెప్పాడు: "చేతి మీద రోజుకి రెండుసార్లు, పలచగా, ఏడు రోజులు రాయండి."

ఎనిమిదో రోజు డ్రైవరుగారు ఒక నోటుపుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాడు. పొద్దున 'చేతి మీద దురద' అని ఒక వరుస. సాయంత్రం 'చేతి మీద దురద' అని ఇంకో వరుస. ఏడు రోజులకి పద్నాలుగు వరుసలు. అన్నీ కంటికి ఆనీ ఆననట్టు, పెన్సిలుతో పలచగా.

బాబాయి కళ్ళజోడు సవరించుకుని, "ట్యూబు ఏదయ్యా?" అన్నాడు.

డ్రైవరుగారు జేబులోంచి మూతైనా తియ్యని ట్యూబు తీశాడు. "ఇది దేనికిచ్చారో తెలియలేదండీ. తప్పులొస్తే చెరపడానికేమో అనుకున్నాను."

"దురద తగ్గిందా?"

"లేదండీ. చేతిరాత కుదిరింది."

పిన్ని నవ్వీ నవ్వీ కవరులో వెయ్యాల్సిన బిళ్ళలు కింద పోసింది. బాబాయి నవ్వలేదు. తప్పు తన మాటదేనని ఒప్పుకుని, మర్నాటినుంచి మాట మార్చాడు. "పుస్తకంలో రాయి, చర్మానికి పులుము" అనడం మొదలుపెట్టాడు.

ఆ పులుముడు నాలుగు రోజులే నడిచింది. రొట్టెల బట్టీ ఆయన మోచేతికి ట్యూబు సగం పులిమేసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని వచ్చాడు.

"ఇదేమిటి నాయనా?"

"పిండి ఎండిపోకుండా పైన కప్పుతాం కదండీ. ఇదీ అంతే."

"నువ్వు పిండివి కాదురా, మనిషివి! డాక్టరు చెప్పకుండా దీని మీద ఏదీ చుట్టకూడదు. మూత పెట్టినకొద్దీ మందు లోపలికి మరీ ఎక్కువ దిగుతుంది, చర్మం పల్చబడిపోతుంది." అని అతని చూపుడువేలు పట్టుకుని, చివరి కణుపు మొదలు వేలి కొస దాకా ట్యూబులోంచి ఒక గీత గీశాడు. "ఇదిగో, ఇంత. ఇది రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. నీ మచ్చ అందులో సగం కూడా లేదు. రాశాక చేతులు కడుక్కో. ఆ చేత్తో కళ్ళు నులిమావో, నా దగ్గరికి రాకు, కళ్ళ డాక్టరు దగ్గరికి పో."

"మరి రొట్టెలు?"

"కడుక్కోకుండా రొట్టెలు చేశావో, పోలీసులే వస్తారు. ట్యూబులోవాళ్ళు కాదు, నిజం పోలీసులు."

మళ్ళీ పాత మాటే ఖాయమైంది. రాసేముందు రాయి.

చదువు రానివాళ్ళకి కూడా తప్పించుకునే దారి లేదు. పుస్తకం అట్ట మీద బాబాయి ఒక మనిషి బొమ్మ వేసి పెట్టాడు. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఎక్కడ బాధో అక్కడ వేలు పెట్టి చూపించాలి. మూటలు మోసే కూలీ ఒకసారి పాత చీటీ ఇచ్చి, చాలాసేపు ఆలోచించి, బొమ్మకి జానెడు దూరంలో బల్ల మీద వేలు పెట్టాడు.

"ఇది నీ ఒంటి మీద లేదే" అన్నాడు బాబాయి.

"లేదండీ. మా బావమరిది పక్కన నిలబడితే ఇక్కడిదాకా వస్తాడు. నాకు తగ్గింది. ఈ ట్యూబు వాడికి."

"నీ దురద నీది, నీ బావమరిది దురద నీ బావమరిదిది. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన రెండూ చుట్టాలు కావు. అతన్ని డాక్టరుకి చూపించు."

ఇక ఎనిమిదో రోజు సంగతి. డాక్టరు వారమని రాస్తే, ఎనిమిదో రోజున షాపు మూశాక బాబాయి ట్యూబు కొన్నవాళ్ళ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. తగ్గిందా, ఆపారా? తగ్గలేదా, మళ్ళీ డాక్టరు దగ్గరికి పదండి. అంతేగానీ మీ అంతట మీరు ఇంకో వారం పొడిగించడానికి వీల్లేదు. "మా ఆయనకి పెళ్ళిరోజు ఎప్పుడూ గుర్తుండదు, ఊళ్ళోవాళ్ళ ట్యూబుల తారీఖులన్నీ గుర్తే" అనేది పిన్ని. "వచ్చే జన్మలో నేను ట్యూబునై పుడతాను."

ఇన్ని తెలిసిన బాబాయి అన్నకూతురిని నేను. ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

ఏడో తరగతిలో చదువు ఆపేసినప్పటినుంచి బట్టలు కుట్టే షాపు వెనక గదిలో కాజాలు కుడుతున్నాను. వెనక గది నాకు బాగా నచ్చిన చోటు. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. బుగ్గల మీద మొటిమలు వచ్చినప్పుడు, బట్ట కత్తిరించే కత్తెరక్క తన సంచిలోంచి అదే ట్యూబు తీసి ఇచ్చింది. "రాసి చూడవే. నెల తిరిగేసరికి అద్దంలో నిన్ను నువ్వే గుర్తుపట్టవు."

నిజంగానే గుర్తుపట్టలేదు. మొదటి రెండు వారాలు ముఖం నున్నగా, తెల్లగా మెరిసింది. ఆపితే ఎర్రగా కంది మంట పుట్టేది. మళ్ళీ రాస్తే చల్లారేది. ఇలా మూడు నెలలు. మా బాబాయి షాపుకి వెళ్తే రాయమంటాడని పక్క వీధిలో కొని, గుండీల డబ్బాలో దాచాను. ఆయనకి ముఖం కనిపించకుండా మూడు నెలలు రుమాలు కట్టుకుని తిరిగాను. "దుమ్మా?" అంటే "దుమ్ము" అనేదాన్ని.

అప్పుడే మా టైలరమ్మ, "వచ్చే నెలనుంచి ముందు గదిలో కొలతలు తీసుకునే పని నీది. నీ చూపు టేపుకంటే నిక్కచ్చి" అంది. ముందు గదిలో రుమాలు కట్టుకోవడానికి వీల్లేదు. అప్పటికి ట్యూబు రాసినా ఎరుపు తగ్గడం లేదు. సన్న సన్న నరాలు ఎర్ర దారాల్లా కనిపిస్తున్నాయి. ఇంకా ఎక్కువ రాయాలా, ఆపాలా? అడగాల్సిన మనిషి ఒక్కడే.

వెళ్ళాను. షాపులో ఆరుగురున్నారు. అందులో డ్రైవరుగారు, రొట్టెల ఆయన కూడా.

"ఏమే, ఏం కావాలి?" అంది పిన్ని వెనకనుంచి, వీధి చివరిదాకా వినిపించేలా.

నేను బల్ల కింద పుస్తకం వైపు చూశాను. బాబాయి నన్ను చూశాడు, రుమాలు చూశాడు, పుస్తకం నా ముందుకి జరిపాడు. నేను రాశాను. 'ఎక్కడ: మొహం. ఎన్నాళ్ళు: మూడు నెలలు. దేనికి: మెటిమలకి. ఎవరు రాయమన్నారు: నేనే.' కత్తెరక్క పేరు చెప్పబుద్ధి కాలేదు.

బాబాయి చదివాడు. ఎర్ర కలం తీశాడు. ముందు 'మెటిమలు' కొట్టేసి 'మొటిమలు' అని దిద్దాడు. తరవాత నోటితో అనకుండా, తనూ కింద రాశాడు: 'ఇంకా రాస్తున్నావా?'

'రాస్తున్నాను.'

'మంటగా ఉందా?'

'ఆపితే ఎక్కువవుతోంది.'

'ఏడుస్తున్నావా?'

'లేదు. కొంచెం.'

"ఇదేమిటి, బాబాయికీ కూతురికీ ఒకేసారి మాట పడిపోయిందా?" అంది పిన్ని.

"నువ్వు బిళ్ళలు లెక్కపెట్టుకో" అని బాబాయి మళ్ళీ రాశాడు. 'నీ తప్పు కాదు. చాలామందికి ఇలాగే జరుగుతుంది. మధ్యలో మంట పుడుతుంది, దానికి భయపడి నీ అంతట నువ్వు మళ్ళీ మొదలుపెట్టకు. ఎలా మానాలో చర్మం డాక్టరమ్మ చెబుతుంది. ఇప్పుడే పోదాం.' చివర గీత గీసి, పెద్ద అక్షరాలతో: 'ముఖానికి రాయడం ఆపు. పుస్తకంలో రాయడం ఆపకు.'

ఆ కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, నా చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పట్టపగలు షాపు పిన్నికి ఒదిలి బయటికొచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళు ఎందుకని అడిగితే, "దానికి దుమ్ము పడదు" అన్నాడు.

దారిలో అడిగాను: "బాబాయ్, కాగితం చింపేశావేం? పుస్తకంలో ఉండాలి కదా?"

"ఎవరిది వాళ్ళకే ఇచ్చేస్తాను. ఒకరి దురద నాకెందుకే దాచుకోవడానికి?"

తరవాత ఒక రోజు బీరువాలో పాత పుస్తకాలు తీసి చూశాను. ఇరవై రెండేళ్ళ పుస్తకాలు, ఒక్క రాత లేదు. అన్నీ చింపిన అంచులే. ఆరుగురి మధ్య నిలబడి ఎక్కడ దురదో పైకి చెప్పుకోలేనివాళ్ళందరూ నాలాగే నోరు మూసుకుని రాసి, కాగితం మడిచి జేబులో వేసుకుని పోయారన్నమాట. "నోరు మూసుకుని రాయి" అంటే అర్థం అదీ.

మొదటి పుస్తకంలో మాత్రం ఒక కాగితం మిగిలింది. బాబాయి దస్తూరీ. 'ఎక్కడ: ముఖం. దేనికి: పెళ్ళిచూపుల్లో తెల్లగా కనిపించడానికి. ఎన్నాళ్ళు: ఆరు నెలలు. ఎవరు రాయమన్నారు: నా తెలివి.' కింద పిన్ని దస్తూరీలో ఒక వరుస ఉంది: 'టమాటాలా ఉన్నాడు. అయినా సరే.'

డాక్టరమ్మ చెప్పినట్టు చేస్తే నా ముఖం కుదుటపడటానికి నాలుగు నెలలు పట్టింది. టైలరమ్మ అప్పటిదాకా ఆగింది. ఇప్పుడు ముందు గదిలో రుమాలు లేకుండా కొలతలు తీస్తున్నాను. గుండీల డబ్బాలో గుండీలే ఉన్నాయి. కత్తెరక్కని కూడా షాపుకి తీసుకెళ్ళాను, ఆవిడ రెండు పేజీలు రాసింది.

నిన్న ఈ కథ రాసిన కాగితాలన్నీ బాబాయికి చూపించాను. మొత్తం చదివి, మూడుచోట్ల ఒత్తులు దిద్దాడు.

"చాలా రాశావే. పలచగా రాయమన్నాను కదా?"

"నీ గురించి పలచగా రావడం లేదు బాబాయ్."

"అయితే ఏడు రోజుల్లో ఆపెయ్" అన్నాడు. "ఎనిమిదో రోజు వచ్చి చూస్తాను."