వన్స్ మోర్‌కి చాలని హార్మోనియం

2004 జూన్‌లో అమలాపురంలోని ఒక ఆడియో స్టూడియోలో ప్రోగ్రామరుగా చేరాను. అంతకుముందు రాజోలు దగ్గర ఒక స్కూల్లో సంగీతం టీచర్ని. స్టూడియోలో రికార్డిస్టుది పెద్ద కుర్చీ, ప్రోగ్రామరుది దాని పక్క కుర్చీ. రికార్డిస్టు మైకులోంచి గొంతు పట్టుకుంటాడు, ప్రోగ్రామరు కంప్యూటర్లోంచి వాయిద్యాలు పలికిస్తాడు. నేను చేరిన కొన్నాళ్ళకే మా రికార్డిస్టు విజయవాడ వెళ్ళిపోయాడు. ప్రొప్రయిటరు గారు ఆ చోట ఇంకొకర్ని వెయ్యలేదు. రెండు కుర్చీలూ నావే అయ్యాయి, జీతం మాత్రం ఒక కుర్చీదే.

కంప్యూటర్లో వాయిద్యం ఎలా ఉంటుందో చాలామంది అడుగుతుంటారు. అందులో మాయేమీ లేదు. ఎక్కడో ఎవరో ఒక నిజమైన హార్మోనియం ముందు మైకు పెట్టి, ఒక్కో స్వరాన్నీ విడిగా రికార్డు చేస్తారు. ఆ ముక్కను సాంపిల్ అంటాం. పియానోలాంటి చిన్న కీబోర్డును కంప్యూటరుకి తగిలించి, ఏ మెట్టు నొక్కితే ఏ సాంపిల్ పలకాలో సాఫ్ట్‌వేర్‌కి చెబుతాం. అన్ని స్వరాలూ రికార్డు చేసే ఓపిక తయారుచేసినవాళ్ళకి ఉండదు. అందుకని ఒక్కో సాంపిల్‌ని అటూ ఇటూ రెండు మూడు మెట్లకు సాగదీస్తారు. అంతవరకు చెవికి తేడా తెలియదు. ఆఖరి సాంపిల్ దాటాక మాత్రం మెట్టు నొక్కినా ఏమీ పలకదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఐనవిల్లి నుంచి వీర్రాజు గారు వచ్చేదాకా మా హార్మోనియం పొట్టిదని నేను గమనించనేలేదు. వీర్రాజు గారు వరి, కొబ్బరి పండించే రైతు. పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడతారు. కోనసీమలో ఆయన పద్యం విననివాళ్ళు తక్కువ. ఐదున్నర శ్రుతిలో పాడేవారు. హార్మోనియం మీద తెల్లమెట్లు లెక్కపెట్టుకుంటూ ఒకటి, రెండు అని శ్రుతులకి పేర్లు పెడతారు, నడుమ నల్లమెట్టుకి అర చేరుస్తారు. మగగొంతుకి ఐదున్నర అంటే చాలా పైన.

ఆయన గొంతులో చిన్న కాయ లేచిందని, కోసి తీసెయ్యాలని కాకినాడ డాక్టరు చెప్పాడు. మాట వస్తుందని హామీ ఇచ్చాడు గానీ పాట సంగతి చెప్పలేనన్నాడు. ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశాడు. ఈలోగా తనకు పేరు తెచ్చిన పద్యాన్ని సీడీ మీదికి ఎక్కించుకోవాలని వీర్రాజు గారు వచ్చారు. రోజుకి కాసేపే పాడాలని డాక్టరు ఆంక్ష.

ఆయన వెంట ముక్తేశ్వరం నుంచి దేవసహాయం మాస్టారు వచ్చారు. స్కూలు టీచరుగా రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలో కీర్తనలకీ, మిగతా రోజుల్లో నాటకాల్లో పద్యాలకీ అదే హార్మోనియం వాయించేవారు. ముప్పై ఏళ్ళుగా వీర్రాజు గారికి ఆయనే తోడు. అయితే వానకి మోటారుసైకిలు జారి ఆయన ఎడమచేతికి పిండికట్టు పడింది. హార్మోనియానికి ఎడమచెయ్యే ఊపిరి, తిత్తి ఊపేది దానితోనే. ఇంకొకరిచేత ఊపించి చూశారట, స్వరం ఒకచోట, గాలి ఒకచోట అయిందట. మా కీబోర్డుకి గాలి అక్కర్లేదు, కుడిచెయ్యి చాలు. అందుకే మా దగ్గరకొచ్చారు.

మాస్టారు కీబోర్డు ముందు కూర్చుని మెట్లెక్కుతూ పోయి, సగం దారిలో ఆగిపోయారు.

"ఇదేటమ్మా, పైన అంతస్తు కట్టకుండా వదిలేసేరు?"

నాటకం హార్మోనిస్టులు గాయకుడికి ఒక స్థాయి పైన, అంటే ఏడు స్వరాలు ఎగువన, వాయిస్తారు. అప్పుడే మైకుల గోలలో వాయిద్యం వినిపిస్తుంది. వీర్రాజు గారి శ్రుతికి ఒక స్థాయి పైన అంటే, మా వాయిద్యంలో సాంపిల్సే లేవు. శ్రుతి కాస్త దించి పాడితే సరిపోతుందని నేను సలహా ఇచ్చాను. వీర్రాజు గారు మర్యాదగానే కాదన్నారు. "దించి పాడేది ఎలాగూ ఆపరేషనయ్యాక ఉందికదమ్మా. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి."

మొదట సులువైన దారి పట్టాను. మౌసుతో ఆఖరి సాంపిల్ సరిహద్దు పట్టుకుని పై మెట్లదాకా లాగాను. లాగినకొద్దీ స్వరం పైకి పోతుంది గానీ, క్యాసెట్టుని వేగంగా తిప్పినట్టు లోపలి కంపనం కూడా వేగమైపోతుంది. పై మెట్ల మీద హార్మోనియం కాస్తా తీర్థంలో అంగళ్ళ దగ్గర పిల్లలు ఊదే బూరా అయిపోయింది. మాస్టారు నవ్వాపుకోలేక పిండికట్టు పట్టుకుని కూర్చున్నారు.

ఇక మిగిలింది అసలు పద్ధతి, కొత్త సాంపిల్స్ తీసి వాయిద్యాన్ని పైకి పొడిగించడం. మర్నాడు మాస్టారి హార్మోనియం ఆటోలో వచ్చింది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం ఆయనకి గిట్టదు. మెట్లు తనే నొక్కుతానన్నారు. తిత్తి ఎవరు ఊపాలన్న ప్రశ్న వచ్చింది. తను ఊపుతానని వీర్రాజు గారు కూర్చున్నారు.

సాంపిల్‌కి గాలి మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. ఎందుకంటే స్వరాన్ని ఎంతసేపైనా నిలపడానికి మధ్యలో ఒక ముక్కను పదేపదే తిప్పుతాం, దాన్ని లూప్ అంటాం. గాలి ఎగుడుదిగుడైతే లూప్ ఆయాసపడుతున్నట్టు వినిపిస్తుంది. వీర్రాజు గారికి స్వరం వినగానే పద్యం గుర్తొచ్చేది, పద్యం గుర్తొస్తే చెయ్యి ఆగేది కాదు. ముప్పై ఏళ్ళు తనను పరుగులు పెట్టించిన మనిషి ఇప్పుడు తన చేతికింద దొరికాడని మాస్టారికి హుషారు ఎక్కువైంది.

"గాలండీ, గాలి! యుద్ధానికెళ్ళకండి, నెమ్మదిగా ఊపండి."

"ఆయ్, ఊపుతున్నానుగదండీ."

"మీరు ఊపట్లేదండీ, నటిస్తున్నారు. మండపేట మిల్లు దగ్గర ధాన్యం లోడుతో వరసలో నిలబడ్డారనుకోండి."

ఆ ఉపాయం పనిచేసింది. మొహంలో ఏ భావమూ లేకుండా వీర్రాజు గారు గాలి సమంగా ఊపారు. నేను ఒక్కో స్వరమూ పట్టుకున్నాను. తర్వాత నా గదికీ పాడే గదికీ నడుమనున్న అద్దంలోంచి వీర్రాజు గారిని ఎంత పైకి వెళతారో పాడి చూపించమన్నాను. పై పంచమం దాకా వెళ్ళి ఆగారు. దానికి ఒక స్థాయి పైదాకా వాయిద్యాన్ని పొడిగించి, ఇక చాలనుకున్నాను.

అక్కడే లెక్క తప్పింది. పద్యనాటకంలో పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు. గాయకుడు అదే పద్యం మళ్ళీ పాడతాడు, కానీ అదే మెట్టు మీద ఆగడు. అడిగినప్పుడల్లా రాగం ఇంకొంచెం పైకి పోవాలి, లేకపోతే అడిగినవాళ్ళకి పరువుతక్కువ. నేను ఆయన గొంతు కొలిచింది ఖాళీ గదిలో, అడిగేవాళ్ళెవరూ లేనప్పుడు.

టేకు, అంటే అసలు రికార్డింగ్, రోజున వీర్రాజు గారి నాటక సమాజం వాళ్ళంతా దిగి నా గదినిండా కూర్చున్నారు. మాస్టారు వీర్రాజు గారి ఎదురుగా కీబోర్డు దగ్గర ఉన్నారు. పద్యం అయింది. నా వెనక ఎవరో అలవాటుగా వన్స్ మోర్ అని అరిచారు. మా అద్దం అంత మందమైనదేమీ కాదు. వీర్రాజు గారికి వినిపించింది, కళ్ళు మెరిశాయి. మళ్ళీ పాడారు. మళ్ళీ అరిచారు. ఈసారి ఆయన పంచమం దాటి ధైవతం మీదికి వెళ్ళారు. అక్కడ నిలబడ్డారు. హార్మోనియం ఆయన వెంట రాలేదు. అడుగున ఆధార స్వరం షడ్జం ఒక్కటే మోగుతోంది.

నేను పెట్టిన మెట్లు అయిపోయాయని, మాస్టారు నొక్కుతున్నా పలకడం లేదని అనుకున్నాను. స్టాప్ నొక్కేశాను.

తలుపు తోసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదేనని, మెట్లు చాల్లేదని చెప్పాను. మాస్టారు అర్థంకానట్టు చూశారు.

"మెట్లతో పనేముందమ్మా? నేను నొక్కలేదు. అసలు నా హార్మోనియం పెట్టెలోనే అక్కడికి మెట్లు లేవు."

మరి కింది స్థాయిలో పట్టుకోవచ్చుకదా అన్నాను.

"నేను కిందికి దిగితే, ఆయన దిగినట్టు వినిపిస్తుందండీ జనానికి. అందుకని షడ్జం నొక్కిపెట్టి కూర్చుంటాను. ఎప్పుడూ అంతేనండి."

వీర్రాజు గారు హెడ్‌ఫోన్లు తీసేశారు. స్టేజీ మీద ఆ క్షణంలో ఈలలు, చప్పట్లు తప్ప ఆయనకేమీ వినపడేది కాదు. "అయితే ఇన్నేళ్ళూ మీరు నాతో రాలేదా మాస్టారూ? పక్కనే ఉన్నారుకదాని ధైర్యంగా ఎక్కేవాణ్ణండీ!"

"చెబితే ఎక్కేవారా?" అన్నారు మాస్టారు.

సమాజం వాళ్ళు పగలబడి నవ్వారు. వీర్రాజు గారూ నవ్వారు గానీ, ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన ఆవేళ్టి గొంతులో మంచిదంతా నేను ఆపేసిన టేకులోకే పోయింది. పైగా ఇప్పుడు పైన తను ఒక్కడినేనని ఆయనకి తెలిసిపోయింది. ఇంకో రెండు మెట్లు సాగదీసి పెడతానని, అంతమాత్రానికి తేడా తెలియదని, తోడుగా ఉంటుందని నేనన్నాను. వద్దని తల ఊపారు.

మర్నాడు ఉదయం అందరూ మళ్ళీ వచ్చారు. వీర్రాజు గారు మిరియాలపాలు తాగి మైకు ముందుకి వెళ్ళారు. నేను స్టాప్ మీట దగ్గర్నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పద్యం అయింది, వన్స్ మోర్ అయింది. రెండోసారి ఎవరూ అరవలేదు, జంకినట్టున్నారు. అప్పుడు కీబోర్డు ముందు నుంచి మాస్టారే అన్నారు, గట్టిగా కూడా కాదు. "వన్స్ మోరండీ."

వీర్రాజు గారు ఆయనవైపే చూస్తూ ఎక్కారు. షడ్జం కదలకుండా కింద నిలబడింది. ధైవతం మీద ఆయన ముందురోజు కంటే ఎక్కువసేపు ఉన్నారు. సీడీలో ఉన్నది ఆ టేకే. మాస్టారి మాట కూడా అందులో పడింది. చెరపమని ఎవరూ అడగలేదు, నేనూ చెరపలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మూడు శ్రుతికి దిగింది. ఇప్పుడు తన దగ్గరే మెట్లు మిగిలిపోతున్నాయని మాస్టారు ఏడిపించేవారు.

ఆ ఉద్యోగంలో తర్వాత సన్నాయి, వీణ, డోలు, ఇంకా ఎన్నో వాయిద్యాలను పొడిగించాను. సాఫ్ట్‌వేర్‌లో ఏ వాయిద్యాన్నైనా ఎంత పైకైనా లాగవచ్చు. లాగేముందు దాన్ని వాయించే మనిషిని పిలిచి, ఎక్కడ ఆపుతారో, ఎందుకు ఆపుతారో అడగడం నాకు పద్ధతి అయింది. ఆ హార్మోనియంలో పై మెట్లు ఎందుకు పలకడంలేదని నా తర్వాత వచ్చిన ప్రోగ్రామర్లు అడిగేవారు. అవి పాడయిపోలేదని, పాడేవాళ్ళకి వదిలేశామని చెప్పేదాన్ని.