దస్తగిరమ్మ చొప్పవామి

దస్తగిరమ్మవ్వకు మిగిలినవి రెండే పళ్లు. వాటితోనే ఊరందరినీ కరిచేది. వానకు తడిసిన ఆమె చొప్పవామి అడుగున పసుపుపచ్చని జిగురు పాకితే, దయ్యం కక్కిందన్నారు. బర్రెకున్న ఆ ఒక్క మేతనూ తగలబెట్టడానికి తలారి ఓబులేసు కొరివితో వచ్చాడు.

"రేప్పొద్దున దాకా ఆగప్పా" అని అవ్వ జిగురుకు ఒక పక్క ఉప్పు, ఇంకో పక్క రాగిపిండి చల్లింది.

తెల్లారి ఓబులేసు మళ్లీ కొరివితో వచ్చేసరికి జిగురు ఉప్పుకు దూరంగా జరిగి పిండిమీదికి పాకింది.

"చూడప్పా, దానికి ఆకలి! దయ్యం గియ్యం కాదు."

"ఉప్పుకు బెదిరిందంటే దయ్యమే గదవ్వా!"

"మొన్న నీ పెండ్లాం కూట్లో ఉప్పెక్కువేసిందని మా ఇంటికొచ్చి సంగటి తింటివే, నిన్నూ కాల్చేదా?"

ఓబులేసు కొరివిని బురదలో గుచ్చాడు. అవ్వ అతని కళ్లెదుటే చొప్పకట్ట లాగి బర్రెకు వేసింది.