రేకు పెట్టి కొట్టిన ఇరుసు

సైకిల్ పెడళ్ళ మధ్య ఒక ఇరుసు ఉంటుంది. అది అరిచేదాకా ఎవరికీ దాని సంగతి పట్టదు. నాది అరిచింది. కుడికాలితో నొక్కిన ప్రతిసారీ నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టు కిర్రుమనేది. కోసిగి రోడ్డు మీద ఎండలో తొక్కుతూ ఆ శబ్దం వింటుంటే సైకిల్‌ను ఎత్తి రాయికేసి బాదాలనిపించేది.

మామూలు సైకిళ్ళలో ఆ ఇరుసు బేరింగులు మరలతో బిగుస్తాయి. వదులైతే పానా పెట్టి తిప్పుకోవచ్చు. నా సైకిల్‌లో మరలు లేవు. ప్రెస్ ఫిట్ అంటారు. ఫ్రేము గొట్టంలోకి బేరింగ్ కప్పును గట్టిగా నెట్టేస్తారు, అంతే. ఇక బిగుతు ఒక్కటే దాన్ని పట్టుకుని ఉండాలి. గొట్టం వెంట్రుకవాసి పెద్దదైనా కప్పు కదులుతుంది. ఆ సందులోకి మా నల్లరేగడి దుమ్ము దూరి గొట్టాన్ని ఇంకా అరగదీస్తుంది. చల్లని గదిలో కూర్చుని దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఏప్రిల్ ఎండలో మా ఊరికి తెచ్చి, దాని మీదే ఎక్కించి, మంత్రాలయం దాకా తరమాలని నాకు ఇప్పటికీ కోరిక.

సైకిల్ పందేలు మానేసిన ఒక అక్క దాన్ని నాకు ఇచ్చిపోయింది. నల్లటి కార్బన్ ఫ్రేము, ఒంటిచేత్తో ఎత్తవచ్చు. కడపలో జరిగే ఆడపిల్లల ఎంపిక పందెంలో మొదటి ముగ్గురిలో నిలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. అక్కడే తిండి, అక్కడే చదువు. నిలవకపోతే సుగ్గి. పంటలు ఎండిపోయాక ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతకు వలసపోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. ఏటా బడి మధ్యలో వదిలి పోయినదాన్ని నేను. మిరపఘాటుకు కళ్ళు వాచేవి. మండే వేళ్ళతోనే అన్నం కలుపుకునేదాన్ని. సుగ్గి అంటే నాకు అసహ్యం. ఆ సీటు కోసం ఎవరి గొంతైనా పిసికేదాన్ని.

పందెం దగ్గరపడేసరికి కప్పు వేలితో కదిపినా కదిలేంత వదులైంది. ఆదోనిలో సైకిల్ షాపాయన చూసి, "దీనికి మా తావ సామాను ల్యాదు పాపా, బెంగుళూరుకు పంపాల," అన్నాడు. ఇంటికొచ్చి సైకిల్‌ను గోడకేసి తోశాను. నాయన చూశాడు.

గొడ్డళ్ళకూ పారలకూ చెక్క పిడులు, మా మాటలో కామలు, వేయడంలో మా నాయనకు ఊళ్ళో పేరుంది. కామ వదులైతే మా ఊళ్ళో చేసే పని ఒకటే. సందులో రేకుముక్క దూర్చి, సుత్తితో దిగ్గొట్టడం.

"ఇంత దానికే ఏడుస్తాండావా మ్మే? బిగుతే గదా కావాల్సింది. నేను జూసుకుంటా," అన్నాడు.

నూనెడబ్బా రేకు కత్తిరించి కప్పు చుట్టూ తొడిగాడు. సైకిల్‌ను నేల మీద పడుకోబెట్టి, పాదంతో తొక్కిపట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. నాయన కొట్టడమంటే కొట్టడమే. మెడ నరాలు ఉబ్బాయి. ఒక్కో దెబ్బకు ఫ్రేము నేల మీద ఎగిరిపడింది. కార్బన్ అంటే నారను బంకతో అంటించి చేసే పదార్థమనీ, ఇనుములా సాగకుండా పగులుతుందనీ ఆ రోజు మా ఇద్దరికీ తెలియదు. నల్లగా, గట్టిగా ఉన్నది కాబట్టి మాకు అది ఇనుమే.

అరుపు ఆగిపోయింది. మంత్రాలయం దాకా పోయి వచ్చాను. నాయన ఊరి బయట నిలబడి ఉన్నాడు.

"యాడన్నా అరిచిందా?"

"ల్యాదు నాయనా."

ఆ సాయంత్రం టీ అంగడిలో ఎవరు కనిపిస్తే వాళ్ళకు, "బెంగుళూరు పని ఈడనే జేసినా," అని చెప్పుకున్నాడు. నాకు కూడా గర్వంగానే ఉంది.

కడపకు నాయన తోడు వచ్చాడు. పందెం చివర ఎక్కుడు రోడ్డు. నా ముందు ఇద్దరే ఉన్నారు. సీటు మీంచి లేచి బలమంతా కుడికాలి మీద వేశాను. ఎండుకట్టెను మోకాలికేసి విరిచినట్టు ఫట్‌మంది. గొట్టం చీలి, ఇరుసు ఒకపక్కకు కుంగి, పెడల్ నా కాలితో సహా నేలకు దిగింది. మొహం మీద పడ్డాను. వెనకొచ్చిన అమ్మాయి చక్రం నా కుడిచేతి మీదుగా పోయింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. నోటినిండా నెత్తురు, మట్టి, విరిగిన పన్ను. ఉమ్మేసి లేచాను. సైకిల్‌ను ఎడమభుజాన వేసుకుని పరిగెత్తాను. ఊడి వేలాడుతున్న పెడల్ రాడ్డు అడుగడుగునా నా తొడను చీరింది. ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. నేను గీత దాటి కూలబడేసరికి అక్కడ గెలిచినవాళ్ళ పేర్లు పిలుస్తున్నారు.

ఎంపిక చేయడానికి వచ్చిన కోచ్ సార్ నా దగ్గరికొచ్చి చీలిన గొట్టంలోంచి రేకుముక్క బయటికి పీకాడు.

"ఎవరప్పా దీన్ని సుత్తితో కొట్టింది?" అని అరిచాడు.

"నేనే సార్," అన్నాడు నాయన.

"నీ బిడ్డ బతుకు మీద కొట్టినావు గదప్పా!"

నాయన కాలి చెప్పు తీసి తన చెంపల మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ చెంపా, ఈ చెంపా. పెదవి చిట్లినా ఆపలేదు. పందెం పిల్లలంతా గుంపుకట్టి చూస్తున్నారు. నాకు నాయన మీద ఒళ్ళు మండిపోతోంది. కానీ అట్లా నిలబడి చూస్తున్నవాళ్ళ మీద అంతకు రెట్టింపు మండింది. ఎడమచేత్తో చెప్పు లాక్కుని దూరంగా విసిరేశాను.

"సాలు నాయనా, సాలు!" అని అరిస్తే నా నోట్లో నెత్తురు ఆయన చొక్కా మీద పడింది.

సార్ మెత్తబడ్డాడు. ఆ గొట్టం ముందే అరిగిపోయి ఉందనీ, సుత్తి తగలకపోయినా ఎక్కువ కాలం నిలిచేది కాదనీ చెప్పాడు. నాయన చెవికి అది ఎక్కలేదు.

ఆ ఏడు కూడా సుగ్గికి పోయాం. నా చేతికి ఇంకా కట్టు ఉంది. కూలీల మేస్త్రీ మనిషికొక మిరపచెట్ల వరస, ఒక్కో సాలు, చూపించాడు. నేను ఎడమచేత్తో కోయడానికి వంగేలోపే నాయన తన సాలు వదిలి నా సాలులో దూరాడు. చెట్లను పెరికేస్తున్నట్టు రెండు చేతులా కాయలు తెంపుకుంటూ పోయాడు.

"అది నా సాలు నాయనా! నేను కోస్తా!" అని వెనక నుంచి గొంతు పగిలేలా అరిచాను.

తిరిగి చూడలేదు. నేను ఆ సాలు చివరిదాకా నడిచాను. నాకు ఒక్క కాయ కూడా మిగల్చలేదు.