సరుకు రాకముందు వేసిన కేక

కొండవాలు మీద ఇరుక్కున్న ఆ పేటకి బస్సు రాదు. కింద మలుపు దగ్గర మనుషుల్ని దించేసి, మీ తిప్పలు మీరు పడండి అన్నట్టు వెళ్ళిపోతుంది. అక్కణ్ణించి పైదాకా మెట్లే. ఆ మెట్లకి సగం దారిలో, ముందుగదినే కొట్టుగా మార్చుకున్న మనిషి కొట్టక్క. ఆవిడ అసలు పేరు ఆవిడకే ఎవరైనా గుర్తు చెయ్యాలి.

సరుకు కంటే గొంతు ముందొచ్చే వీధులు లోకంలో ఎన్నో ఉన్నాయి. చేపలమ్మేవాళ్ళు, పాలవాళ్ళు, పాతసామాన్లవాళ్ళు, ఎవరి రాగం వారిది. మాట తెలియని ఊళ్ళో కూడా రాగం పోల్చుకుని గిన్నెతో బయటికి రావచ్చు. కొట్టక్కది మాత్రం రాగంలేని కేక. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, ఆ రోజు ఉన్నదేదో అంతవరకే చెప్పేది. "బంగాళాదుంపలున్నాయి. ఉల్లిపాయలున్నాయి. టమాటాలు మెత్తబడ్డాయి, ఇవాళే వండేసుకోవాలి." ఆ గొంతు వినగానే పైనా కిందా తలుపులు తెరుచుకునేవి.

ఈ పద్ధతి ఆమెకి అత్తగారు నేర్పింది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒకసారి, బస్తా మోసుకొచ్చే మనిషి కింది మెట్ల మీద కనబడగానే సంబరం పట్టలేక "క్యారెట్లొచ్చాయి" అని అరిచేసింది. తీరా చూస్తే బస్తాలో బొగ్గులు. పొయ్యి మీద కూర వదిలేసి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తగారు తిట్టలేదు. "బస్తా గుమ్మం దాటాక, మూతి విప్పి చూసుకుని అప్పుడు నోరు తెరువు. ఎక్కి వచ్చే మోకాళ్ళు నీవి కావుగా" అంది. ఆనాటి నుంచి కొట్టక్క కళ్ళారా చూడనిది అరిచి ఎరగదు. పేటలో ఆమెకున్న పరపతల్లా అదే. ఆ నాలుగు దుంపలూ ఉల్లిపాయలూ తప్ప కొట్లో చూడబోతే చిప్స్ పొట్లాలు, బిస్కెట్లు, రంగునీళ్ళ సీసాలు. ఆకుకూర అన్ని మెట్లెక్కేసరికి వాడిపోతుంది. పొట్లానికి ఆ బాధ లేదు.

ఇలా ఉండగా ప్రభుత్వం వారి పథకం మెట్లెక్కి వచ్చింది. ఇలాంటి పేటలకి తాజా కూరగాయలు, పళ్ళు అందిస్తారట. చిన్న కొట్లకి అద్దాల తలుపు ఫ్రిజ్ ఇచ్చి, రోజూ వ్యాన్‌లో సరుకు పంపుతారట. పొట్లాలూ సీసాలూ మాత్రం తీసెయ్యాలి. ఆ పని మీద తిరిగే కుర్ర ఉద్యోగి కొన్ని వారాలు కొట్టక్క పీట మీదే కూర్చుని ఇల్లిల్లూ లెక్క రాసుకున్నాడు, ఆమె ఇంట్లోనే భోంచేశాడు. ఆమె అతన్ని తమ్ముడూ అంది. అతను అక్కా అన్నాడు. అతని మాట మీద పొట్లాలన్నీ తీసేసింది.

పక్కింటి దర్జీ వేళాకోళం చేసేవాడు. "ఏమ్మాయ్, ఫ్రిజ్ వచ్చేదాకా మాకు గాలి అమ్ముతావా?"

"నీకైతే అప్పివ్వను బాబాయ్" అనేది.

దర్జీ కోడలు నెలలు నిండుతున్న మనిషి. ఒంట్లో రక్తం తక్కువ, ఆకుకూరలూ పళ్ళూ తినమన్నాడు డాక్టరు. వారానికోసారి కింద జరిగే సంతకి వెళ్ళి రావాలంటే ఆ పిల్లకి కళ్ళు తిరుగుతాయి. "వదినా, వ్యాన్ ఎప్పుడొస్తుంది?" అని రోజూ అడిగేది. కొట్టక్క రోజూ అదే జవాబు చెప్పేది. "వచ్చాక చెప్తా."

సంతకి ముందురోజు సాయంత్రం తమ్ముడు హడావిడిగా వచ్చాడు. "అక్కా, రేపే ప్రారంభం. మా శాఖ పెద్దాయన వస్తున్నారు. ఇప్పుడే ఓ కేకెయ్యి, అందరూ సంచులతో రావాలి."

"సరుకు రానీ తమ్ముడూ. చూసి వేస్తాను."

"నేను చెప్తున్నాగా. నా మీద నమ్మకం లేదా?"

"నువ్వని కాదు. నేను చూడనిది అరవను."

"ఇన్నాళ్ళు నీ చేతి తిండి తిన్నానక్కా. నీతో అబద్ధం ఆడతానా?"

ఆ మాట దగ్గర ఆమె ఓడిపోయింది. గుమ్మంలోకి వెళ్ళి గొంతెత్తింది. "రేపు ఆకుకూరలొస్తాయి. పళ్ళొస్తాయి. ఎవరూ సంతకి దిగక్కర్లేదు."

ఎవరూ దిగలేదు. పొద్దున్నే ఫ్రిజ్జూ, దాని వెనకే ట్రేలూ మెట్లెక్కాయి, ఫ్రిజ్ నిండింది. పచ్చటి కట్టలూ ఎర్రటి పళ్ళూ లోపలి దీపం వెలుగులో మెరిసిపోతుంటే జనం సంచులతో వరసకట్టారు. ప్రారంభోత్సవాల్లో రిబ్బను ఎప్పుడూ ముందే ఉంటుంది, కత్తెరే ఎవరికీ గుర్తుండదు. దర్జీ తన కత్తెర ఇచ్చాడు. పెద్దాయన రిబ్బను కోసి, దర్జీ కోడలి చేతిలో ఓ ఆకుకూర కట్ట పెట్టి, ఫొటో తీయించుకుని దిగి వెళ్ళిపోయాడు.

కొట్టక్క కొంగు బిగించి ఫ్రిజ్ తలుపు తీసింది. వ్యాన్ మనిషి అడ్డం వచ్చాడు. "ముట్టుకోకమ్మా. ఇవి మధ్యాహ్నం ఇంకో పేటకి వెళ్ళాలి. అక్కడా ప్రారంభం ఉంది."

వచ్చిన దారినే ట్రేలన్నీ దిగిపోయాయి. దర్జీ కోడలి చేతిలో కట్ట కూడా అడిగి తీసుకున్నారు.

తమ్ముడు మోగని ఫోను చూసుకుంటున్నాడు. "తర్వాతి విడతలో పంపుతారక్కా."

"నీకు ముందే తెలుసా?"

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "జనం కనబడాలన్నారు పైవాళ్ళు. నువ్వు పిలిస్తేనే కదక్కా వీళ్ళు వచ్చేది." ఆ మాట మెచ్చుకోలులాగానే అన్నాడు.

"నా కత్తెరయినా ఉంచారా, అదీ ప్రారంభానికి వెళ్ళిందా?" అన్నాడు దర్జీ. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు ఎటు తిరుగుతుందోనని కొట్టక్క తల దించుకుంది. ఎవరో సంత ఈపాటికి లేచిపోయుంటుందన్నారు. కోడలు ఖాళీ సంచి మడత పెట్టుకుంటూ "పోనీలే వదినా" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్న ఖాళీ ఫ్రిజ్ వెనకాల గుర్రుమంటుంటే కొట్టక్క గుమ్మంలో నిలబడింది. "ఉల్లిపాయలున్నాయి. బంగాళాదుంపలున్నాయి. ఫ్రిజ్‌లో ఏమీ లేదు." ఒక్క తలుపూ తెరుచుకోలేదు. కాసేపటికి దర్జీ కోడలు సంచి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ కొట్టు ముందు నుంచి దిగసాగింది.

"ఎక్కడికే ఇంత పొద్దున్నే?"

"కింది మలుపు దగ్గరికి వదినా. ఓ ఉల్లిపాయైనా దొరుకుతుందేమోనని."

"ఉన్నాయని ఇప్పుడేగా అరిచాను. వినబడలేదా?"

"వినబడింది" అంది ఆ పిల్ల గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ. ఎగతాళేమీ లేదు ఆ మొహంలో. "నిజంగా ఉన్నాయా వదినా?"

కొట్టక్క లోపలికి వెళ్ళి, ఓ ఉల్లిపాయ తెచ్చి చూపించింది.