మైకులో మూడు ముక్కల పేరు

మా నాన్న ప్రభుత్వంతో ఒక్కసారే పోట్లాడాడు, గెలిచాడు. ఆ గెలుపు గురించి నేను ఇప్పటికీ ఎవరికీ గొప్పగా చెప్పుకోను.

ఎనభైల మాట. బొంబాయి కామాటిపురాలో, ఫోరస్ రోడ్డు వైపు గల్లీలో మా చాల్, వరసగా ఒంటిగది ఇళ్లున్న పాత మేడ. దాన్ని కట్టింది మా తాతల తరం కూలీలేనని నాన్న ప్రతి పండక్కీ చెప్పేవాడు. కప్పు కారడం మొదలయ్యాక చెప్పడం మానేశాడు. ఇళ్ల ఆఫీసు వాళ్లు వచ్చి చూసి, ఇది కూలేలా ఉంది, ఖాళీ చెయ్యండి, అందాకా ఉండటానికి ట్రాన్సిట్ క్యాంపులో గదులిస్తాం అన్నారు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

అంతకుముందు పక్క గల్లీలో ఒక చాల్ ఖాళీ చేయించినప్పుడు లెక్కలో ఎవరెవరివో పేర్లు ఎక్కాయి. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు తట్టాబుట్టా సర్దుకుని ఫాక్‌లాండ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. అందుకే, గోడలకు రంగులేసుకుని బతికే మా నాన్న పని మానుకుని మరీ జనాన్ని కూడగట్టాడు.

"ఆల్లు లోపట రాస్కుంటే మనకేమెర్క? చౌక్‌ల నిలవడి మైక్ల సదువుమందం. ఏ ఖోలీల ఎవలున్నరో అందరం ఇంటం. తప్పుంటే ఆడ్నే అడుగుతం" అన్నాడు.

నెలల తరబడి ఆఫీసు గుమ్మం పట్టుకుని వేలాడాక వాళ్లు సరేనన్నారు. గణపతి మండపం మైకు మేమే తెస్తామని నాన్న మాటిచ్చాడు. చాల్ అంతా ఆయన్ను నెత్తిన పెట్టుకుంది.

అప్పుడు మా ఖోలీలో, అంటే మా ఒక్క గదిలో, చిన్నమ్మ ఉండేది. రక్తసంబంధం కాదు. పాలమూరు జిల్లాలో అమ్మ పుట్టిన ఊళ్లో అమ్మతో కలిసి పెరిగిన నేస్తం. మొగుడు వర్లిలో ఉంటూ బిల్డింగు పనులకు పోయేవాడు. తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. ఒకసారి ఆమె చెయ్యి విరిస్తే అది వంకరగానే అతుక్కుంది. చివరికి కట్టుబట్టలతో మా దగ్గరకు పారిపోయి వచ్చింది. మా ఇల్లు అతనికి తెలియదు. చాల్‌లో ఆమెకు వేరే పేరు పెట్టి, మొగుడు ఎక్కడో డ్యాం పనిలో ఉన్నాడని చెప్పాం. పంపు దగ్గర ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే కాస్త ఆలస్యంగా తిరిగి చూసేది. ఆ చేత్తో నాకు జడ వేస్తే జడ కూడా వంకర పోయేది. నేను ఏడిపిస్తే తనే ముందు నవ్వేది.

ఇంత దాపరికం ఎందుకంటే, మా వాళ్ల మధ్య కబురు ఆగదు. అప్పట్లో ఫోన్లు ఎవరికున్నాయి? అయినా కామాటిపురాలో పొద్దున అన్న మాట సాయంత్రానికి వర్లి చాళ్లకు చేరేది. అక్కడ ఊరి బస్సెక్కి పాలమూరు పోయేది. ఇప్పటి పిల్లలు నెట్టు నెట్టు అంటుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించదు.

లెక్క రాసే సాహెబు వస్తున్నాడని తెలిసి, చిన్నమ్మను రాయించొద్దని అమ్మ నాన్న కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

"రాయకుంటె క్యాంప్ల ఉండనియ్యరు. దొంగ పేరు రాస్తే ఎవడన్న ఎత్తిచూపుతడు, ఖోలీ పోతది. నిజం సదువుమన్నోన్ని నేనే కద" అన్నాడు నాన్న.

చిన్నమ్మే తెగించింది. "రాయించు అన్నా. గిన్నొద్దులు దొంగ లెక్క దాక్కున్న. నా పేరు నాకు గావాలె."

సాహెబు ముందు తన పేరు చెప్పి, పక్కన తండ్రి పేరు చెప్పింది. మరాఠీ సాహెబు కలం ఆపాడు. ఇక్కడ పెళ్లయిన ఆడమనిషి పేరు మూడు ముక్కలు: తన పేరు, మధ్యలో మొగుడి పేరు, చివర ఇంటిపేరు. మధ్య ముక్క లేనిదే ఆయన ముందుకు కదలడు. "నవర్‌యాచ నావ్?" అని మొగుడి పేరు అడిగాడు. మా ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. చిన్నమ్మ తల వంచుకుంది. నాన్నే చెప్పాడు.

ఇది కూడా మైకులో చదువుతారా అని అమ్మ అడిగింది. అంతా చదువుతాం, మీరే కదా అడిగింది అన్నాడు సాహెబు. ఆ ఒక్క పేరు వదిలెయ్యమని నాన్న మర్నాడు ఆఫీసుకెళ్లి బతిమాలాడు. ఒకరికి వదిలితే అందరికీ వదలాలి అన్నారు. అందరివీ చదవాలని పట్టుబట్టింది నాన్నే. ఆయన తిరిగొచ్చాడు.

ఆదివారం చాల్ మధ్య ఖాళీ జాగాలో, చౌక్‌లో, మైకు పెట్టారు. తమాషా చూడ్డానికి వర్లి చుట్టాలు కూడా వచ్చారు. మా ఖోలీ వంతు వచ్చింది. ఆమె పేరు, అతని పేరు, ఇంటిపేరు ఖంగుమని మోగాయి. ఇన్నాళ్లూ ఆమెను వేరే పేరుతో పిలిచిన చౌక్ అంతా మా ఖోలీ ముందున్న గ్యాలరీ వైపు తల ఎత్తింది. చిన్నమ్మ నా భుజం పట్టుకుంది. ఆమె గోళ్లు దిగిన నొప్పి నాకింకా గుర్తుంది.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె లేదు. చీకటి పడకముందే అతనొచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎంతో మర్యాదగా. "మా ఇంటిదాన్ని తీస్కపోనీకె అచ్చిన" అంటే జనం మంచి మనసుతో మా తలుపు చూపించారు. ఆమె దొరకలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చి మా గడపలో కూర్చునేవాడు.

మేము ఆమెను వెతకలేకపోయాం. వెతకాలంటే పేరు చెప్పాలి. నాన్న పోలీసు ఠాణా దాకా పోయి వెనక్కి వచ్చాడు. ఆమె దొరికితే వాళ్లు అప్పజెప్పేది మొగుడికే. అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, అంతే.

ఖాళీ చేసే ముందు మళ్లీ మైకు పెట్టారు, ఉన్నవాళ్లను సరిచూసుకోవడానికి. చిన్నమ్మ పేరు చదివారు. అతను చౌక్‌లోనే ఉన్నాడు. నాన్న మైకు పక్కనే నిలబడ్డాడు. అమ్మ గ్యాలరీ కటకటాలు పట్టుకుని అరిచింది.

"సచ్చిపోయింది! రైలు కింద వడి సచ్చిపోయింది! రాస్కో సాహెబ్, రాస్కో!"

సాహెబు నాన్న వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. నాన్న తల ఊపాడు. శవం ఏదని చిన్నమ్మ మొగుడు గొడవ చేశాడు గానీ, ఈ ఊళ్లో రైలు కింద పడ్డవాళ్ల శవాలు అందరికీ దొరుకుతాయా అని జనమే సర్దిచెప్పారు. కబురు సాయంత్రానికి వర్లి చేరింది. అమ్మకు కావలసింది అదే. అతను మళ్లీ రాలేదు.

కానీ కబురు వర్లిలో ఆగలేదు. సొంత ఊళ్లో చిన్నమ్మ తల్లి బిడ్డకు దినాలు చేసింది. అమ్మ వెళితే ఆ ముసలామె అమ్మను వాటేసుకుని, "నా బిడ్డ ఆకరికి ఏమన్నదే?" అని అడిగిందట. నిజం చెబితే ఊరంతా పాకుతుంది. "ఏమనలే పెద్దమ్మా" అని అమ్మ కూడా ఏడ్చింది. ఆ ఏడుపు అబద్ధం కాదు.

ప్రభుత్వం అంతా తెరిచి చూపాలని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ నాన్న పక్షమే. ఫుట్‌పాత్ మీద కూర్చున్న ఆ మనుషులను నేను చూశాను. కానీ ఆఫీసు గుట్టు బయటపెట్టమంటే వాళ్లు మా గుట్టు బయటపెట్టారు. క్యాంపులో ఎవరి గది ఎవరికి ఎందుకు ఇచ్చారో మాకు చివరిదాకా తెలియలేదు.

చిన్నమ్మ బతికుందో లేదో కూడా తెలియదు. బతికుంటే తన చావు కబురు తనూ వినే ఉంటుంది. ఇక తిరిగి రావడానికి వీల్లేదని అర్థం చేసుకునే ఉంటుంది. మా ఇంట్లో ఆమె పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అమ్మ మంచాన పడి, ఇక రోజులు దగ్గరపడ్డాయని తెలిశాక, నన్ను పిలిచి, "దాని పేరు ఒక్కపారి అను బిడ్డా" అంది. మరిచిపోయిందేమో అనుకున్నాను. కాదు, ఎవరి నోటైనా వినాలని ఉందట. తలుపు వేసి వచ్చి అమ్మ చెవిలో చెప్పాను. మొదటి ముక్క ఒక్కటే చెప్పాను.