నీలం కాని చుక్క

మా కెమిస్ట్రీ మేడం పోయారు. ఆ మాట చెప్పడానికి ఆమె భర్త, మా సారు, ఫోన్ చేసేసరికి, ఆమె చూడాలని నేను పుట్టగొడుగుల సారం వడగట్టి ఉంచిన సీసా ఇంకా మా ఫ్రిజ్‌లోనే ఉంది. "నిద్రలోనే పోయిందమ్మా" అన్నారు సారు. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. మర్నాడు మా ఇంటికి వస్తానన్న మనిషి, ఆ ఒక్క రోజు ఆగకూడదా!

తిరుపతిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమె నాకు పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక ఆమెకు తీరిక దొరికింది, నాకు తిప్పలు మొదలయ్యాయి. పాకాల దగ్గర మా పట్టుపురుగుల షెడ్డు ఖాళీగా ఉందని తెలిసి, అందులో కార్డిసెప్స్ అనే ఔషధ పుట్టగొడుగులు పెంచమని వెంటపడ్డారు. గాజు సీసాల్లో పరిచిన అన్నం మీద నారింజరంగు మొలకలు లేచిన రోజు రైలెక్కి వచ్చేసి, షెడ్డంతా తిరుగుతూ చప్పట్లు కొట్టారు.

"అబ్బబ్బ, సూడే ఎట్లుండాయో! వీటి లోపలుండే సరుకు బయటికి తీద్దాం పా!"

తీయడమంటే ఎండబెట్టి, పొడిచేసి, నీళ్లలో సన్నసెగ మీద మరిగించి, వడగట్టి, ఆ కషాయంలో స్పిరిట్ పోయడం. పోయగానే తెల్లటి పోగులు తేలాయి. ఒంటికి మేలు చేస్తుందనే పదార్థం అదే కదా! నేను గంతులేశాను. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి మేడం కూడా గంతులేశారు. అంతలోనే ఆగి, తెల్ల సాసర్లో కొన్ని పోగులు నీళ్లతో కలిపి, ఒక చుక్క అయోడిన్ వేశారు. మొత్తం నీలంగా మారిపోయింది.

"ఏమ్మే, ఇది గంజే!" అని పడీపడీ నవ్వారు.

అన్నం పారేయడానికి మా ఇంట్లో ఎవరికీ చేతులు రావు. అందుకే మొలకల్ని అడుగునున్న అన్నంతో సహా గోకి ఎండబెట్టాను మరి.

"సంతోషపడు, బాగా పడు. సుక్క ఏసి సూసినాక ఇంకోసారి పడు" అనేవారు ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ.

ఈసారి మొలకల్ని మాత్రమే కత్తెరతో కోశాను. పోగులు కొంచెమే వచ్చాయి. చెప్పగానే అవతల కేక! "నేనొచ్చేదాకా సుక్క ఏయొద్దు. ముందు నేనే సూడాల!" అదే ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాట.

కర్మలయ్యాక ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. అలిపిరి దారిలో వాళ్లిల్లు. సారు నా చేతిలో సీసా చూడగానే ఆమె సాసరు, అయోడిన్ సీసా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. పోగులు నీళ్లలో కలిపి చుక్క వేశాను. ఇద్దరం వంగి చూశాం. చాలాసేపు చూశాం.

"నీలం కాలేదు సార్."

"ఇట్లాంటప్పుడు ఆమె ఏం జేస్తా ఉండె?"

ఏడుస్తూనే, ఆ వంటింట్లో, ఉన్నచోటనే గంతేశాను. గట్టు మీద సాసరు అదిరింది. అందులోని తేనెరంగు నీళ్లు ఒకసారి తొణికి, అదే రంగులో నిలిచాయి.